తొందర లేదన్నారు: నెమ్మదిగా పెరిగే క్యాన్సర్‌తో ఇరవై నెలల నా అనుభవం

2023 ఆగస్టు 9న హనుమకొండలోని ఒక స్కానింగ్ కేంద్రంలో, పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో చూద్దామని నన్ను పడుకోబెట్టిన డాక్టరమ్మ, అంతవరకు ఏ స్కూలు, ఏ సబ్జెక్టు అని మాట్లాడుతున్నదల్లా మాట ఆపేసి, కుడి డొక్క కింద ఒకే చోట పదేపదే యంత్రాన్ని తిప్పసాగింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల ముఖాలు చూసి ఎవరు చదవలేదో పోల్చుకున్న నాకు ఆ మౌనం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. రాళ్ళు లేవు. లివర్‌లో చిన్నవీ పెద్దవీ కలిపి ఆరేడు మచ్చలున్నాయని, పెద్దది 2.4 సెంటీమీటర్లని రిపోర్టులో రాశారు. అయిన ఖర్చు 900 రూపాయలు. ఆ తర్వాత ఇరవై నెలల్లో ఏ పరీక్షా అంత చవకగా ముగియలేదు.

అప్పటికి నా వయసు యాభై మూడు. పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను. 2021 నుంచే తిన్న అరగంటకు కడుపు కదిలేది. హనుమకొండ నుంచి బడికి వెళ్ళే బస్సు ప్రయాణం గంటకు పైనే కాబట్టి, ఉదయం ఏమీ తినకుండా బయలుదేరడం, దారిలో ఏ ఊళ్ళో ఎవరింట్లో బాత్రూమ్ వాడుకోవచ్చో గుర్తు పెట్టుకోవడం అలవాటైపోయింది. 2022 జనవరిలో పెద్దపేగు లోపల కెమెరాతో చూసి, అంతా బాగుందని, ఇది మనసు ఒత్తిడి వల్ల వచ్చే పేగు జబ్బని ఒక డాక్టరు మందులు రాశారు. అదే కాలంలో రోజుకు నాలుగైదుసార్లు ముఖం, మెడ భగ్గున వేడెక్కేవి. ముట్లుడిగే వయసులో ఇవి మామూలేనని మరొక డాక్టరు అన్నారు. నాది చామనఛాయ కన్నా ఒక పాలు ఎక్కువ నలుపు. పుస్తకాల్లో రాసే ‘ముఖం ఎర్రబడడం’ నా ముఖం మీద ఎవరికీ కనబడదు, నాకు సెగ మాత్రమే తెలుస్తుంది. ముట్లుడిగిన వేడికి చెమట పడుతుందని, నాకు చెమట పట్టకుండానే వేడెక్కిందని, ఆ తేడా అడిగి ఉంటే రెండేళ్ళ ముందే దారి దొరికేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తట్టలేదు.

ఆగస్టు 11న సీటీ స్కాను, 18న లివర్ నుంచి సూదితో ముక్క తీయడం జరిగాయి. ముక్క తీయడానికి 9,000, సీటీకి 6,500. మూడు నాలుగు రోజుల్లో వస్తుందన్న రిపోర్టు 26న వచ్చింది. అందులో ‘వేరేచోటి నుంచి లివర్‌కు పాకిన కార్సినోమా (క్యాన్సర్), మరిన్ని రంగు పరీక్షలు అవసరం’ అని ఒక్క వాక్యం ఉంది. ఆ రంగు పరీక్షలకు, అంటే ఏ జాతి కణాలో తేల్చడానికి ముక్కకు రంగులు వేసి చూసేవాటికి, విడిగా 7,200 కట్టాలని, మరో పన్నెండు రోజులు పడుతుందని అప్పుడు చెప్పారు. ఆ పన్నెండు రోజుల గురించి ఎక్కువ రాయలేను. రాత్రి రెండు గంటలకు లేచి, మా సారుకు, అంటే మా ఆయనకు, తెలియకుండా బీరువాలో బంగారం ఏది కోడలికి, ఏది బిడ్డకు అని చీటీలు పెట్టాను. ఆ చీటీలు ఆయనకు దొరికిన సంగతి ఏడాది తర్వాత గానీ చెప్పలేదు.

సెప్టెంబరు 8న వచ్చిన కాగితంలో ‘న్యూరోఎండోక్రైన్ ట్యూమర్’ అని ఉంది, అంటే హార్మోన్లు వదిలే కణాల నుంచి పుట్టే గడ్డ. ఆ జాతి కణాలను గుర్తుపట్టించే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే ప్రోటీన్లు పాజిటివ్, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 ఆరు శాతం. దానిని తీసుకుని ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాము. ఒకరు ‘ఇది కార్సినాయిడ్, అసలు క్యాన్సరే కాదు’ అన్నారు. మరొకరు ‘నాలుగో దశ’ అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఆటోలో కూర్చుని సుబేదారి నుంచి ఇంటికి వచ్చిన ఆ అరగంటను మరచిపోలేను. ఈ గందరగోళానికి కారణం పేరులోనే ఉన్నదని తర్వాత తెలిసింది. 1907లో ఒబెర్న్‌డోర్ఫర్ అనే జర్మన్ వైద్యుడు వీటికి ‘క్యాన్సర్ వంటిది’ అనే అర్థంలో కార్సినాయిడ్ అని పేరు పెట్టాడు. ఇవి పాకగలవని 1929లో ఆయనే ఒప్పుకున్నా, మొదటి పేరు మాత్రం నేటికీ డాక్టర్ల నోట ఉండిపోయింది. స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి మంచి మనసుతోనే ఇర్ఫాన్ ఖాన్ పేరు ఎత్తాడు. ఆయన 2018 మార్చిలో ఇదే జబ్బు పేరు ప్రకటించి, 2020 ఏప్రిల్ 29న పోయారు. స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్లోమంలో ఇదే జాతి గడ్డ బయటపడగా 2011 వరకు బతికారు. ఒకే పేరు గల జబ్బు ఒకరికి రెండేళ్ళు, మరొకరికి ఎనిమిదేళ్ళు ఇచ్చిందన్నప్పుడు, నాకు ఎంత ఇస్తుందో ఆ పేరు చెప్పదు, ఆ కేఐ-67 అంకె కొంతవరకు చెబుతుంది. ఈ సంగతి హైదరాబాద్ వెళ్ళాకే అర్థమైంది.

హైదరాబాద్‌లోని క్యాన్సర్ వైద్యుడు మొదట అడిగింది రిపోర్టు కాదు, మైనపు బ్లాకు. ముక్కను మైనంలో పోసి దాచిన ఆ చిన్న దిమ్మె, గాజు పలకలు మనవేనని, అడిగితే ఇవ్వాలని మాకు తెలియదు. ల్యాబులో మూడుసార్లు తిరిగితే గానీ ఇవ్వలేదు. వాటిని పాత జామెట్రీ బాక్సులో దూది పెట్టి, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కాజీపేట నుంచి సికింద్రాబాద్ వరకు ఒళ్ళో పెట్టుకుని తీసుకువెళ్ళాను. 3,500 రూపాయలకు మళ్ళీ చదివించగా సెప్టెంబరు 21న కేఐ-67 నాలుగు శాతమని వచ్చింది. వందలాది కణాలను లెక్కించి, వందకు ఎన్ని విభజన దశలో ఉన్నాయో చూసి ఆ అంకె వేస్తారు. మూడు కన్నా తక్కువైతే మొదటి గ్రేడు, మూడు నుంచి ఇరవై వరకు రెండవది, ఇరవై దాటితే మూడవది. ఆరైనా నాలుగైనా నాది రెండవ గ్రేడే. రెండు ల్యాబులకు రెండు అంకెలు రావడం అసాధారణం కాదని, చేతితో లెక్కించే పనిలో అంత తేడా ఉంటుందని డాక్టరు చెప్పారు. యాభై మంది ఉన్న నా తొమ్మిదో తరగతిలో ఇద్దరు అల్లరి పిల్లలున్నట్టు అని నేను లెక్క వేసుకున్నాను.

అప్పుడే ఆయన మొదటిసారి ఆ మాట అన్నారు: “అమ్మా, తొందర లేదు.” విన్న క్షణంలో ఎంత ఊరట కలిగిందో, బస్సు జనగామ దాటేసరికి అంత కోపం వచ్చింది. లివర్ నిండా గడ్డలు పెట్టుకున్న మనిషితో తొందర లేదనడం ఏమిటి? ఈ జబ్బుతో ఇప్పటికే అయిదారేళ్ళు బతికి ఉంటానని, రెండు వారాల ఆలస్యం వల్ల ఏమీ మారదని, తొందరపడి తప్పు మందు మొదలుపెడితే మాత్రం నష్టమని ఆ మాటకు పూర్తి అర్థం. ఆ వివరమంతా విడమరచి, ఏ తేదీలోపు ఏ పరీక్ష కావాలో కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే నాకు చాలా రాత్రులు నిద్ర పట్టేది. తర్వాత నేనే నోటుబుక్కు పెట్టి, ప్రతిసారీ “అయితే ఏ రోజు వరకు ఆగవచ్చు?” అని అడగడం నేర్చుకున్నాను.

బ్లాకు ఇచ్చిన రోజునే ఒక అమ్మాయి తెలుగులో ముద్రించిన నాలుగు పేజీల అంగీకార పత్రం తెచ్చి, నా ముక్కలో మిగిలినది పరిశోధనకు వాడుకోవచ్చా అని అడిగింది. దీనివల్ల నాకు ఏ లాభమూ లేదని ఆ అమ్మాయే ముందుగా చెప్పడం నచ్చింది. ఎందుకు కావాలని అడిగితే, ఈ జాతి కణాలు గాజు పాత్రలో సరిగా పెరగవని చెప్పింది. బాన్-1, క్యూజీపీ-1 వంటి, ల్యాబుల్లో పెంచే కొద్దిపాటి కణవర్గాల మీదే దశాబ్దాలుగా పని నడుస్తున్నదట, కానీ అవి రోగుల ఒంట్లోని గడ్డలకన్నా ఎంతో వేగంగా పెరుగుతాయట. మనిషిలో నెమ్మదిగా పెరిగేవి ల్యాబులోనూ నెమ్మదిగానే పెరుగుతాయి లేదా చచ్చిపోతాయి. మందు పనిచేస్తున్నదో లేదో తేలడానికి కూడా ఏళ్ళు పడుతుంది. నా ప్రాణాన్ని నిలిపి ఉంచిన నిదానమే పరిశోధనకు అడ్డమన్న మాట. సంతకం పెట్టాను. ‘సంతకం ఎందుకు పెట్టినవ్, ఆస్తి రాసిచ్చినవా’ అని మా అత్తమ్మ వారం రోజులు అడిగింది.

అక్టోబరు 3న గాలియం పెట్ స్కాను. 21,000 రూపాయలు. మామూలు పెట్ స్కాను ముందే చేయించుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను ఆ వరండాలోనే చూశాను. మామూలు పెట్‌లో రేడియోధార్మిక చక్కెర ఎక్కించి చూస్తారు, నెమ్మదిగా పెరిగే గడ్డలు చక్కెరను అంతగా పీల్చవు కాబట్టి అందులో సరిగా కనబడకపోవచ్చు. వీటి కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోను అతుక్కునే గ్రాహకాలుంటాయి. వాటికి అతుక్కునే మందుకు రేడియోధార్మిక గాలియం-68ను కట్టి ఎక్కిస్తారు. దాని అర్ధజీవిత కాలం, అంటే సగానికి తగ్గిపోయే సమయం, 68 నిమిషాలే. “ఎనిమిదిన్నరకు ఇక్కడ ఉండాలి మేడం, మందు మీ కోసం ఆగదు” అని టెక్నీషియన్ ఫోన్‌లో అన్నప్పుడు, బీఎస్సీలో వేసిన లెక్కలు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. ముందు రోజు రాత్రే ఉప్పల్‌లోని కొడుకు ఇంట్లో పడుకున్నాము. దొంగ ఆ స్కానులో దొరికాడు, జబ్బు పుట్టిన చోటు తెలిసింది. చిన్నపేగు చివర 1.8 సెంటీమీటర్ల గడ్డ, పక్కన ఒక గ్రంథి, లివర్‌లో తొమ్మిది మచ్చలు. 2022లో చేసిన కెమెరా పరీక్ష పెద్దపేగు దగ్గరే ఆగిపోయింది, ఇది దానికి జానెడు దూరంలో కూర్చుని ఉంది.

తర్వాతి రెండు పరీక్షల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండింటిలోనూ పొరపాటు జరిగింది. రక్తంలో క్రోమోగ్రానిన్ ఎంతుందో చూసే పరీక్షకు 4,200. మొదటిసారి 640 వచ్చి అందరం బెదిరిపోయాము. తీరా, కడుపు మంటకు రోజూ వేసుకునే పాంటప్రజోల్ మాత్ర ఆ అంకెను పెంచుతుందని, రెండు వారాలు ఆపి చేయించుకోవాలని పెద్ద డాక్టరు చెప్పారు. ఆపి చేయిస్తే 310. రక్తం తీసే ముందు ఏ మందులు వేసుకుంటున్నారని ఒక్కరూ అడగలేదు.

రెండవది ఇరవై నాలుగు గంటల మూత్రం. గడ్డలు వదిలే సెరొటోనిన్ అనే హార్మోను విరిగి 5-హెచ్ఐఏఏ అనే పదార్థంగా మూత్రంలో పోతుంది. దానికి మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాసపండు, టమాట, వంకాయ, అక్రోట్ మానాలి. మా తేదీ అక్టోబరు 17. ఎంగిలిపూల బతుకమ్మ 14న. పండుగ వారంలో టమాట, వంకాయ లేకుండా వండడం, పేరంటానికి వచ్చిన అరటిపండును చేతిలో పట్టుకుని తినకుండా మాట మార్చడం ఎంత కష్టమో ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. ల్యాబువాళ్ళు ఇచ్చిన అయిదు లీటర్ల డబ్బాలో యాసిడ్ పోసి ఉంటుంది. నేరుగా అందులో పోయకూడదు, వేరే మగ్గులో పట్టి ఒంపాలి. ఉదయం మొదటిసారి వచ్చింది పారబోసి, మర్నాడు ఉదయం మొదటిది కలపాలి. నేను మొదటిది కూడా కలిపేశాను, కాబట్టి 19న మళ్ళీ మొదలుపెట్టాను. డబ్బా చల్లగా ఉంచాలన్నారు, ఫ్రిజ్‌లో పెడతానంటే అత్తమ్మ ఇల్లు వదిలి పోతానన్నది. పెద్ద బకెట్‌లో ఐసు ముక్కలు పోసి బాత్రూమ్‌లో పెట్టాము. ఫలితం 38 మిల్లీగ్రాములు. ఆ ల్యాబు లెక్కలో పది లోపు ఉండాలి. నా విరేచనాలు, నా సెగ, రెండేళ్ళ నా సిగ్గు అన్నీ కలిసి ఆ ఒక్క అంకెలో కనబడ్డాయి. భయపడవలసిన చోట నాకు సంతోషం కలిగింది. నా మనసు కల్పించినది కాదని తేలింది కదా.

ఈ సెరొటోనిన్ గుండె కుడివైపు కవాటాలను గట్టిపరుస్తుందట. ఎకో చేశారు, గుండె బాగుంది. పేగు మూసుకుపోయే సూచనలు లేవు కాబట్టి ఇప్పుడే ఆపరేషన్ వద్దని, నెలకొక ఇంజెక్షన్‌తో మొదలుపెడదామని వైద్యుల బృందం నిర్ణయించింది. గడ్డలు హార్మోను వదలడాన్ని అణిచే ఆక్ట్రియోటైడ్ ఎల్ఏఆర్, 30 మిల్లీగ్రాములు, 28 రోజులకొకసారి. 2023 నవంబరు 1న మొదటిది. ధర 27,500.

ఆ ఇంజెక్షన్ వెనుక ఉన్న పరిశోధనను మా అబ్బాయి ఫోన్‌లో తీసి తండ్రికి పంపాడు. 2009లో జర్మనీవాళ్ళు ప్రచురించినది, 85 మంది రోగులతో. ‘మందు తీసుకున్నవారికి 14.3 నెలలు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి 6 నెలలు’ అన్న వాక్యం చదివి మా సారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాకు పద్నాలుగు నెలల ఆయుష్షే ఉందని అనుకున్నారాయన. అది ప్రాణం పోయేవరకు పట్టిన కాలం కాదని, గడ్డ పెరిగినట్టు స్కానులో కనబడేవరకు పట్టిన కాలమని, అవి మధ్యమాంకాలని, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టిందని, నల్లబల్ల లేకపోయినా కాగితం మీద గీత గీసి వివరించాను. ఆ రోగులనే ఏళ్ళ తరబడి గమనించి 2017లో మళ్ళీ రాస్తే, రెండు వర్గాలకూ మధ్యమ ఆయుర్దాయం దాదాపు 84 నెలలు వచ్చింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళకు కూడా గడ్డ పెరగగానే అసలు మందు ఇచ్చారు కాబట్టి తేడా తేలలేదన్నారు. ఏడేళ్ళు అని చెప్పగానే ఆయన ముఖం తేటపడింది. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర రాలేదు, ఏడేళ్ళు కూడా ఒక అంకే కదా. ఇంటివాళ్ళకు పరిశోధన వ్యాసాలు పంపేవాళ్ళు దయచేసి, ఆ అంకె దేనికి సంబంధించినదో ఒక్క వాక్యం రాసి పంపండి.

రెండవ ఇంజెక్షన్ నవంబరు 29న. మర్నాడు అసెంబ్లీ ఎన్నికలు, నాకు పోలింగ్ డ్యూటీ పడింది. సర్టిఫికెట్లు పట్టుకుని కార్యాలయానికి వెళితే, “కాగితంల క్యాన్సరని ఉంది, మీరు మంచిగనే నడుస్తున్నరు గద మేడం” అన్నాడు గుమస్తా. ఈ జబ్బులో జుట్టు ఊడదు, మనిషి వెంటనే చిక్కిపోడు, కాబట్టి ఎవరూ నమ్మరు. రద్దు కాగితం 28 సాయంత్రం అందింది. మర్నాడు మందును పొడి నుంచి కలిపి వెంటనే పిరుదులో లోతుగా వేయాలి, ఆలస్యమైతే గడ్డకట్టి సూదికి అడ్డుపడుతుంది. మేము వెళ్ళిన నర్సింగ్ హోమ్‌లో సిస్టర్ కలిపి పెట్టి ఎవరో పిలిస్తే వెళ్ళింది. వచ్చేసరికి మందు దిగలేదు, సగం సిరంజిలోనే ఉండిపోయింది. పదమూడు వేలకు పైగా విలువైన తెల్లని మందు చెత్తబుట్టలో పడింది. ఆ నెల విరేచనాలు మూడో వారానికే తిరిగి వచ్చాయి. తర్వాతి నెల నుంచి కలిపే పద్ధతి ఉన్న కాగితాన్ని నేనే తెలుగులో రాసి తీసుకువెళ్ళి సిస్టర్ ముందు పెట్టాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, నేను పట్టించుకోలేదు.

ఇంజెక్షన్ హైదరాబాద్‌లో కొంటే చవక. అందువల్ల మా సారు ఉప్పల్ నుంచి ఐసు పెట్టెలో తెచ్చేవారు. అయిదవ ఇంజెక్షన్ తేదీ 2024 ఫిబ్రవరి 21, సరిగ్గా మేడారం జాతర మొదటి రోజు. నేనూ ఆ రోజు స్కాను మాట్లాడుకోవడానికి వెళ్ళి ఆయనతోనే తిరిగి వస్తున్నాను. బస్సులన్నీ జాతర జనంతో కిక్కిరిసి, ప్రతి ఒళ్ళోనూ, జాతరలో బంగారమని పిలిచే బెల్లం మూటలున్నాయి. నా ఒళ్ళో పెట్టెను చూసి పక్కావిడ “బంగారమా అక్కా?” అని అడిగితే, “ఇరవై ఏడున్నర వేల బంగారం” అన్నారు మా సారు. ఆ రెండేళ్ళలో మేమిద్దరం కలిసి గట్టిగా నవ్వింది ఆ బస్సులోనే. హనుమకొండ చేరేసరికి ఏడు గంటలు పట్టింది, ఐసు మాత్రం నిలిచింది.

ఇంజెక్షన్ మూడో నెల నుంచి సెగ రోజుకు ఒకసారికి తగ్గింది. మొదటి గంట పాఠం టిఫిన్ తిని చెప్పగలిగాను. అయితే కొత్తగా మలం నూనె తేలుతూ, కంపు కొట్టసాగింది. జబ్బు ముదిరిందని నెల రోజులు ఎవరికీ చెప్పకుండా భయపడ్డాను. క్లోమం నుంచి జీర్ణరసాన్ని కూడా ఈ మందు తగ్గిస్తుందట. అన్నంతో పాటు వేసుకునే ఎంజైమ్ మాత్రలతో అది పది రోజుల్లో సర్దుకుంది. నోరు తెరిచి అడిగి ఉంటే ఆ నెల మిగిలేది.

2024 మే 6న సీటీలో పెద్ద మచ్చ 3.3 సెంటీమీటర్లైంది, కొత్తది ఒకటి వచ్చింది. ఈసారి డాక్టరు “తొందర లేదు” అనలేదు. “రెండు నెలల్లో మొదలుపెడదాం” అన్నారు. లుటీషియం చికిత్స. స్కానులో గాలియంను మోసుకుపోయినటువంటి మందుకే ఈసారి రేడియోధార్మిక లుటీషియం-177ను కడతారు. అది గడ్డకు అతుక్కుని లోపలి నుంచే కాలుస్తుంది. నా వంటివాళ్ళతోనే, అంటే పేగులో పుట్టి, ఇంజెక్షన్ తీసుకుంటున్నా పెరిగిన గడ్డలున్న 229 మందితో చేసిన పరీక్ష 2017లో వచ్చింది. ఇరవై నెలల నాటికి జబ్బు ముదరకుండా ఉన్నవారు లుటీషియం వర్గంలో 65.2 శాతం, ఇంజెక్షన్ మోతాదు పెంచిన వర్గంలో 10.8 శాతం. ఆయుష్షు లెక్క మాత్రం తర్వాత 48 నెలలు, 36.3 నెలలుగా వచ్చిందని, ఆ తేడాను గణాంకశాస్త్రం ఖాయంగా ఒప్పుకోలేదని డాక్టరు దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ వల్లనే ఒప్పుకున్నాను.

నాలుగు మోతాదులు, ఒక్కొక్కటి 200 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికత కొలత), ఎనిమిది వారాల ఎడం. మాకు ఒక్కొక్కదానికి 2,35,000 అయింది. ముందుగా కిడ్నీల పనితీరు చూశారు. నెల ఇంజెక్షన్‌ను నాలుగు వారాల ముందే ఆపి, ఆ ఖాళీలో పొట్ట మీద రోజుకు మూడుసార్లు చిన్న ఇంజెక్షన్లు ఇచ్చారు, వాటినీ చికిత్సకు ముందు రోజు ఆపేశారు. మొదటిది 2024 జూన్ 25న. మందు విమానంలో ముంబయి నుంచి రావాలి. లుటీషియం మన దేశంలోనే, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుందని పిల్లలకు చెప్పుకోవచ్చని సంబరపడ్డాను. వాన వల్ల విమానం ఆలస్యమై, ఉదయం పదికి అన్నది మధ్యాహ్నం మూడుకు మొదలైంది.

లుటీషియం ఎక్కిన అరగంట ఏమీ తెలియలేదు. కిడ్నీలను కాపాడడానికి ముందు నుంచి గంటల తరబడి ఎక్కించే అమైనో ఆమ్లాల సెలైన్ మాత్రం కడుపులో తిప్పి తిప్పి నాలుగుసార్లు వాంతి చేయించింది. రెండోసారి నుంచి ఆ సెలైన్ కన్నా ముందే వాంతి మందు ఇమ్మని నేనే అడిగాను, ఒక్క వాంతితో పోయింది. గది సీసపు తలుపులతో ఉంటుంది. సిస్టర్ గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడుతుంది, భోజనం బల్ల మీద పెట్టి వెళుతుంది. బాత్రూమ్ నీళ్ళు కూడా వేరే తొట్టిలోకి పోతాయట. మర్నాడు ఒకతను పరికరం పట్టుకుని మీటరు దూరంలో నిలబడి అంకె చూసి, నన్ను ఇంటికి పంపవచ్చన్నాడు. వెళ్ళేముందు నెల ఇంజెక్షన్ వేశారు.

ఇంటి దగ్గర వారం రోజులు వేరు గది, వేరు బాత్రూమ్, రెండుసార్లు ఫ్లష్. రెండేళ్ళ మనవరాలిని పది రోజులు దగ్గరికి రానివ్వవద్దన్నారు. లుటీషియం అర్ధజీవిత కాలం ఆరున్నర రోజులకు కొంచెం ఎక్కువ, కాబట్టి వారానికి సగమవుతుందని నాకు తెలుసు, కిటికీ అవతల నిలబడి “నానమ్మ తలుపు తియ్యి” అనే పిల్లకు తెలియదు. పాఠంగా ఎన్నోసార్లు చెప్పిన సంగతి మీద మొదటిసారి విసుగు పుట్టింది.

రెండవ మోతాదు ఆగస్టు 20న కావలసింది. 14న ప్లేట్‌లెట్లు 71,000కు పడిపోవడంతో వాయిదా వేశారు. ప్రతి వారం రక్తపరీక్ష. సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన ఆ వానల్లో, మోకాలిలోతు నీళ్ళున్న వీధి దాటి రక్తం ఇవ్వడానికి వెళ్ళలేక మరో మూడు రోజులు ఆగాము. 4న 1,12,000 వచ్చింది, 10న రెండవది ఎక్కించారు. మూడవది నవంబరు 5న, చివరిది డిసెంబరు 31న. పన్నెండు గంటలకు బయట టపాకాయలు మోగుతుండగా, సీసపు తలుపు వెనుక వీడియో కాల్‌లో ఇంటివాళ్ళు కేకు కోశారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి బాధగా లేదు, అలసటగా ఉంది. అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షమ్మ గుట్ట దగ్గర ఇరవై నిమిషాలు ఆడి కూర్చున్నాను. అంతకుముందు ఏడాది డబ్బా, మగ్గు, యాసిడ్ మధ్య పోయిన పండుగ కాబట్టి అది చాలనిపించింది.

2025 ఏప్రిల్ 3న మళ్ళీ గాలియం స్కాను. పెద్ద మచ్చ 2.7 సెంటీమీటర్లు, కొత్తవి లేవు, రెండు చిన్నవి మసకబారాయి. మాయమవుతాయని ఆశపడకూడదని ముందే చెప్పినా, ఎక్కడో ఆశపడ్డానని రిపోర్టు చదివాక తెలిసింది. డాక్టరు దీనిని మంచి ఫలితమన్నారు. ఆరు నెలలకొక స్కాను, రెండు నెలలకొకసారి రక్తం, కిడ్నీ పరీక్షలు, నెల ఇంజెక్షన్ కొనసాగుతాయి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే ఈ జబ్బు పేరు ముందుగా చెప్పాలని, మత్తు ఇచ్చే ఏ పనికైనా క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయించాలని చీటీ రాసిచ్చారు. దాన్ని ఆధార్ కార్డు వెనుక పెట్టుకున్నాను.

పద్దెనిమిది నెల ఇంజెక్షన్లు, నాలుగు లుటీషియం మోతాదులు, పరీక్షలు కలిపి పదిహేనున్నర లక్షలైంది. ప్రయాణాలు ఇందులో లేవు. నక్కలగుట్ట ప్లాటు అమ్మాము. ఖర్చు తిరిగి ఇమ్మని పెట్టిన బిల్లుల ఫైలు రెండుసార్లు తిరిగి వచ్చింది. ఒకసారి ఐసు పెట్టె రసీదు కూడా జత చేశామని, రెండోసారి డిశ్చార్జి కాగితం మీద ఆసుపత్రి ముద్ర మసకగా ఉందని. ముద్ర మళ్ళీ వేయించి పంపాము. 2025 ఏప్రిల్ 23న తర్వాతి ఇంజెక్షన్. ఈసారి హనుమకొండ చౌరస్తాలోని ఒక మందుల దుకాణంవాళ్ళే తెప్పిస్తామన్నారు, రెండు వందలు ఎక్కువైనా సరేనన్నాను.